ఒక్కదానికి ఏం వండుకునేది?

అల్లూరు పక్క పల్లెలో ఉంటుంది మా పెద్దమ్మ. డెబ్బై నాలుగేళ్లు. కిందటి సంక్రాంతికి పోయేసరికి పొయ్యి మీద పాలు మాడిపోతున్నాయి, ఆమె రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉంది. గిన్నె దించి "ఏంది పెద్దమ్మా ఇది" అంటే, "నేనెప్పుడు పెట్టానబ్బయ్యా?" అని నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది.

వయసు మీద పడిందిలే అన్నారు అందరూ. కానీ ఏడాదిగా అరికాళ్లు తిమ్మిర్లని చెబుతూనే ఉంది. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియట్లేదంది. నాలుక మంటంది. వీటిని మేమెవరం మతిమరుపుతో కలిపి చూడలేదు.

వంటింట్లోకి పోయి చూశాను. ఒక గిన్నెలో నిన్నటి చారు, ఇంకోదాంట్లో నీళ్లమజ్జిగ, పక్కన ఊరగాయ జాడీ. తెల్లన్నం మాత్రం నిండుగా ఉంది. పెదనాన్న ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో వారానికి రెండుసార్లు కవళ్ల చేపల పులుసు ఉడికేది, పెరట్లో మునగాకు రోజూ కోసేవాళ్లు. ఆయన పోయాడు, పిల్లలు ఊళ్లు పట్టారు, ఈమె పళ్లు సగం ఊడాయి. అడిగితే, "ఒక్కదానికి ఏం వండుకునేది?" అంది. షుగర్ మాత్ర ఎనిమిదేళ్లుగా వేసుకుంటోంది. పరగడుపున గ్యాస్ మాత్ర కూడా.

రక్తపరీక్ష చేయిస్తే బి12 విటమిన్ అడుగంటింది.

ఈ విటమిన్ మనకు రోజుకు రెండు మైక్రోగ్రాముల పైచిలుకు చాలు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. అయినా అది ఒంటికి పట్టడం తేలిక కాదు. చేపలో, గుడ్డులో, మాంసంలో ఉన్న బి12 ప్రోటీన్‌కు అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి జీర్ణాశయంలో ఆమ్లం కావాలి. విడివడిన దానికి జీర్ణాశయం గోడ నుంచే ఊరే మరో ప్రోటీన్ తోడు కావాలి. ఆ రెండూ కలిసి చిన్నపేగు చివరిదాకా పోతేనే రక్తంలోకి చేరుతుంది. వయసుతో చాలామందికి ఆ ఆమ్లం ఊరడం తగ్గుతుంది. గ్యాస్ మాత్రలు చేసే పనే ఆమ్లాన్ని తగ్గించడం. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకుంటే బి12 పట్టడం తగ్గుతుంది. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరును అడిగి ఈ పరీక్ష చేయించండి. కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు చాటుగా పెరుగుతుంది. బయటపడేసరికి నరాల మీది మైలిన్ పొర దెబ్బతిని, కాళ్ల తిమ్మిర్లు, తూలు, మతిమరుపు అన్నీ కలిసి రావచ్చు.

ఇలాంటిదే మరో విటమిన్ కథలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నను స్ప్రూ అనే పేగు జబ్బు పొట్టనబెట్టుకుంది. తర్వాత 1940లలో, అమెరికాలో ఆయన నడిపించిన లెడర్లీ ప్రయోగశాల బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ ఆ జబ్బుకు మందైంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బి12 లోటున్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే ఆ లోటుతో వచ్చిన రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాల నష్టం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. బలానికని షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలతో ఈ ప్రమాదముంది.

బి12 కథ చాలావరకు తేలిపోయింది. పేగుల్లోని సూక్ష్మజీవులకూ మెదడుకూ ఉన్న సంబంధం కథ ఇంకా తేలుతోంది. 2012లో ఐర్లాండ్‌లో 178 మంది వృద్ధుల్ని పరిశీలించారు. వృద్ధాశ్రమాల్లో చాన్నాళ్లుగా ఉన్నవాళ్ల పేగుల్లో, సొంతిళ్లలో ఉన్నవాళ్లతో పోలిస్తే, సూక్ష్మజీవుల రకాలు తక్కువగా ఉన్నాయి. తిండిలో వైవిధ్యం తగ్గడానికీ, ఈ రకాలు తగ్గడానికీ, ఒంట్లో సత్తువ తగ్గడానికీ పొంతన కుదిరింది. అది చదివినప్పుడు నాకు పెద్దమ్మ వంటగిన్నెలే కళ్లముందు మెదిలాయి. ఆశ్రమానికి పోనక్కర్లేదు, ఉన్న ఇంట్లోనే పళ్లెం బోసిపోవచ్చు.

ఆ జీవులకు కావలసింది మనకు అరగని పీచు. దాన్ని పులియబెట్టి అవి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకు అదే ఆహారం. గోడ బలంగా ఉంటే వాపు పుట్టించే పదార్థాలు రక్తంలోకి జారవు. పొట్ట నుంచి మెదడుకు వేగస్ నాడి ఉంది, అందులో ఎక్కువ తీగలు వార్తల్ని కింది నుంచి పైకే మోస్తాయి. అంతమాత్రాన ఫలానా పొడి తాగితే జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని ఎవరైనా అమ్మితే కొనకండి. ఈ పరిశోధనల్లో చాలావరకు ఎలుకల మీద జరిగినవే. మనుషుల్లో చూస్తే, ఫిన్లాండ్‌లో 1,260 మందికి రెండేళ్లపాటు మంచి తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగర్ల అదుపు అన్నీ కలిపి ఇచ్చినప్పుడు ఆలోచనాశక్తి కొంత మెరుగైందని 2015లో తేలింది. మెదడు కోసమని రూపొందించిన మైండ్ ఆహారాన్ని అమెరికాలో పరీక్షిస్తే, 2023లో వచ్చిన ఫలితాల్లో మామూలు ఆహారానికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తిండి ఒక్కటే చాలదు. కానీ తిండి లేకుండా మిగతావీ నిలవవు.

మన నెల్లూరు తిండికి కొత్తగా ఏదీ అరువు తేనక్కర్లేదు. ఉదయగిరి మెట్టలో తినే సజ్జ సంకటిలో పీచు దండిగా ఉంది, పాలిష్ బియ్యంలో అది బాగా తక్కువ. మెదడుకు కావలసిన డీహెచ్‌ఏ కొవ్వు చౌకగా దొరికే కవళ్లలో ఉంది. పళ్లు లేకపోతే ఆకుకూర మెత్తగా ఉడికించి పప్పులో కలపొచ్చు. ఊరగాయలో ఉప్పు బీపీ పెంచుతుంది, బీపీ మెదడు రక్తనాళాల్ని దెబ్బతీస్తుంది, కాబట్టి జాడీని కాస్త దూరం జరపాలి.

పెద్దమ్మకు ఇంజెక్షన్లు మొదలుపెట్టిన రెండు నెలలకు తిమ్మిర్లు చాలా తగ్గాయి. కొన్ని పేర్ల దగ్గర ఇంకా తడబడుతోంది, అవి వస్తాయో రావో చెప్పలేం. ఆదివారం ఫోన్ చేస్తే ఇప్పుడు ఎట్లున్నావని అడగను, ఏం వండావని అడుగుతాను. మొన్న చెప్పింది: పెసరపప్పులో మునగాకు, రెండు కవళ్లు పులుసు, ఎదురింటి పిల్లను కూడా అన్నానికి పిలిచిందట.