ఆరు ఇటు, ఆరు అటు

బొంగార్డ్ పజిల్ ఇలా ఉంటుంది: పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు ఆరు గడులు, కుడివైపు ఆరు గడులు. ఒక్కో గడిలో ఒక చిన్న నలుపు తెలుపు బొమ్మ. ఎడమవైపు బొమ్మలన్నీ ఏదో ఒక నియమం పాటిస్తాయి, కుడివైపువి ఒక్కటీ పాటించవు. ఆ నియమం ఏమిటో చెప్పాలి. ఎంచుకోవడానికి జవాబులుండవు, సూచనలూ ఉండవు.

ఒకటి ఊహించుకుని చూద్దాం. ఎడమవైపు మొదటి గడిలో ఒక వృత్తం, దాని నడుమ ఒక చుక్క. రెండో గడిలో త్రిభుజం, చుక్క ఒక మూలకి నక్కి ఉంది. మూడో గడిలో వంకరటింకర గీత చెరువు గట్టులా తిరిగొచ్చి తన మొదలునే కలుసుకుంది, చుక్క లోపలే. మిగతా మూడూ ఇలాంటివే. ఇక కుడివైపు: వృత్తం, బయట చుక్క. చతురస్రం, పక్కన చుక్క. ‘లోపల, బయట’ అని మనసు అప్పుడే తీర్పు చెప్పేస్తుంది.

నాలుగో గడి దగ్గరికి వచ్చేసరికి ఆ తీర్పు చెదురుతుంది. అక్కడ నత్తగుల్లలా చుట్టలు తిరిగిన గీత, సరిగ్గా నడిమధ్యలో చుక్క. ఇది ‘బయట’ ఎలా అవుతుంది? చుక్క మీద వేలు పెట్టి, చుట్టల మధ్య సందులో మెల్లగా జరుపుకుంటూ వెళ్లండి. గీతను ఎక్కడా తాకకుండా బయటికి వచ్చేస్తారు. ఐదో గడిలో గుర్రపు నాడా, దాని రెండు చివరల మధ్య చుక్క. దానికీ దారి ఉంది. అంటే ఎడమవైపు చుక్కలు గీతను దాటనిదే బయటపడలేవు, కుడివైపువి దాటకుండానే పడతాయి. అసలు నియమం ఇదీ.

‘లోపల’ అంటే ఏమిటో మనకు తెలుసనే మొదలుపెట్టాం. ఈ పజిల్లో ఆ మాటకి అర్థమేమిటో చెప్పింది మాత్రం కుడివైపు గడులు. ఈ పజిళ్ల అందమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. కుడివైపు సగం మూసేసి ఎడమవైపు ఆరూ చూపిస్తే ఎన్ని నియమాలైనా చెప్పొచ్చు: అన్నిట్లోనూ గీత ఉంది, చుక్క ఉంది, గీత కంటే చుక్క చిన్నది. అన్నీ నిజాలే, ఏదీ జవాబు కాదు. ఒక గుణానికి విలువ వచ్చేది అది లేనివాటిని పక్కన పెట్టి చూసినప్పుడే.

ఈ పజిళ్లను తయారుచేసినవాడు మిఖాయిల్ బొంగార్డ్ అనే సోవియట్ శాస్త్రవేత్త. 1924లో పుట్టాడు. యంత్రానికి బొమ్మల్ని గుర్తుపట్టడం ఎలా నేర్పాలన్నది ఆయన్ని పట్టి పీడించిన ప్రశ్న. 1967లో రష్యన్‌లో వచ్చిన తన పుస్తకం చివర ఇలాంటివి 100 పజిళ్లు చేర్చాడు. మొదటిది మరీ తేలిక: ఒకవైపు గడులన్నీ ఖాళీ, రెండోవైపు గడుల్లో బొమ్మలున్నాయి. అక్కడి నుంచి మెల్లగా కష్టం పెరుగుతుంది. 1971లో పర్వతారోహణలో ప్రమాదం జరిగి ఆయన చనిపోయాడు. ఆ పజిళ్లు ప్రపంచమంతటా తెలిసింది ఆ తర్వాతే. 1979లో అమెరికన్ రచయిత డగ్లస్ హాఫ్‌స్టాటర్ తన ‘గోడెల్, ఎషర్, బాఖ్’ పుస్తకంలో వాటి గురించి వివరంగా రాశాడు.

ఆ వందలో ఒకటి నాకు చాలా ఇష్టం. ఒకవైపు ‘మూడు’, రెండోవైపు ‘నాలుగు’. వినడానికి చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది. కానీ మూడు ఏమిటి? లెక్కపెట్టాల్సింది గడిగడికీ మారిపోతుంది. ఒకచోట విడివిడి ఆకారాలు, ఇంకోచోట ఒకే ఆకారంలోని భాగాలు. అంతవరకు ఒకటే వస్తువుగా కనిపించినదాన్ని ముక్కలుగా చూడాలి, లేదా చెల్లాచెదురుగా ఉన్నవాటిని గుంపులుగా చూడాలి. ఏం చూస్తున్నామో తెలిస్తేనే నియమం దొరుకుతుంది. నియమం తెలిస్తేనే ఏం చూడాలో తెలుస్తుంది. మన మనసు ఈ రెండింటి మధ్యా అటూ ఇటూ తిరుగుతూ, పట్టుకున్నదాన్ని వదిలేస్తూ, మళ్లీ పట్టుకుంటూ ఎక్కడో ఒకచోట కుదురుకుంటుంది.

తర్కం మాత్రమే నమ్ముకుంటే ఇది కుదరదు. ఇటు ఆరు, అటు ఆరు బొమ్మల్ని విడదీసే నియమాలు లెక్కలేనన్ని ఉంటాయి. ఏ గుణం ముఖ్యమో ముందే కొంత మొగ్గు లేకపోతే, ఏ రెండు వస్తువుల మధ్య పోలికైనా మరే రెండింటి మధ్య పోలికతోనైనా సమానమేనని జపాన్ శాస్త్రవేత్త సతోసి వతనబే గణితంతో చూపించాడు. బాతుపిల్లల మధ్య హంసపిల్ల కథను తలచుకుని దానికి ‘అందంలేని బాతుపిల్ల సిద్ధాంతం’ అని పేరు పెట్టారు. అంటే మన కళ్లు నిష్పక్షపాతంగా లేకపోవడమే మనకు మేలు. మూసుకున్న గీత, సౌష్ఠవం, మూలలు, పెద్దా చిన్నా వంటివి మన చూపుకి ముందుగా తగులుతాయి. పజిల్ తయారుచేసినవాడి చూపుదీ అదే మొగ్గు కాబట్టి ఆయన దాచింది మనకు దొరుకుతుంది.

యంత్రాలకు ఆ మొగ్గు ఎక్కడి నుంచి రావాలి? హ్యారీ ఫౌండాలిస్ తన పరిశోధనలో భాగంగా ఫీయాకో అనే ప్రోగ్రాం రాశాడు. అది చుక్కచుక్కగా ఉన్న బొమ్మ నుంచే మొదలుపెట్టి కొన్ని పజిళ్లను విప్పింది, చాలావాటి దగ్గర ఆగిపోయింది. 2020లో పరిశోధకులు బొంగార్డ్-లోగో పేరుతో 12,000 పజిళ్లు తయారుచేసి అప్పటి న్యూరల్ నెట్‌వర్కులను (ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాంలను) పరీక్షిస్తే, అవి మనుషుల కంటే బాగా వెనకబడ్డాయి. లక్షల బొమ్మలు చూసి పిల్లినీ కుక్కనీ వేరుచేయడం ఒక ఎత్తు. పన్నెండంటే పన్నెండు బొమ్మలు చూసి, ఇంతకు ముందెన్నడూ వినని నియమాన్ని పట్టుకోవడం ఇంకో ఎత్తు.

బొంగార్డ్ తన వందో పజిల్‌గా అక్షరాలను పెట్టాడు. ఎడమవైపు రకరకాల రూపాల్లో రాసిన రష్యన్ ‘ఆ’, కుడివైపు అలాగే రకరకాలుగా రాసిన ‘బె’. ఆ లిపి చదవగలిగినవాళ్లకి అది పజిల్‌లా కూడా అనిపించదు, చూడగానే తేలిపోతుంది. ఆ లిపిని ఎన్నడూ చూడనివాళ్లు మాత్రం గీతలూ వంపులూ పోల్చుకుంటూ, ఏది అక్షరానికి ప్రాణమో ఏది రాసినవాడి చేతిరాత తీరో ఒక్కొక్కటే తేల్చుకోవాలి.