నీటిగుర్రానికి దగ్గరి చుట్టం ఎవరు?

పేరు నీటిగుర్రమే అయినా దానికి గుర్రం దూరపు బంధువు. ఇప్పుడు బతికున్న జంతువుల్లో దాని దగ్గరి చుట్టం తిమింగలం.

పోలికలను బట్టి గుంపులు కట్టడమే వర్గీకరణ అనుకుంటే ఈ మాట నమ్మబుద్ధి కాదు. జీవుల వర్గీకరణకు పునాది వేసిన స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ కూడా 1735లో తిమింగలాన్ని చేపల్లోనే చేర్చాడు. అది ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లలకు పాలిస్తుంది కాబట్టి 1758లో క్షీరదాల్లోకి మార్చాడు. తోక చూసినా గుట్టు తెలుస్తుంది. చేప తోకను పక్కలకు ఆడిస్తుంది, తిమింగలం పైకీ కిందికీ ఆడిస్తుంది. పరుగెత్తే క్షీరదాల వెన్ను వంగేదీ అలాగే.

రూపాన్ని నమ్మితే ఎందుకు మోసపోతాం? నీటిని చీల్చుకుపోవాలంటే రెండు కొసలా సన్నబడిన ఒళ్లు కావాలి. అందుకే సొరచేప, డాల్ఫిన్, అంతరించిన సముద్ర సరీసృపం ఇక్తియోసార్ వేరువేరు వంశాల్లో పుట్టి ఒకే ఆకారానికి వచ్చాయి. ఇంతకంటే తేలిగ్గా దొర్లే పొరపాటు ఇంకొకటుంది. కప్పకీ బల్లికీ నాలుగేసి కాళ్లు, పాముకు అసలు లేవు. అయినా బల్లికి దగ్గరిది పామే. కాళ్లు ఆ మూడింటి ఉమ్మడి పూర్వీకుల ఆస్తి, పాము వంశం వాటిని పోగొట్టుకుంది, అంతే. పాత ఆస్తి చుట్టరికానికి రుజువు కాదనీ, ఒక కొమ్మలో కొత్తగా పుట్టి దాని వారసులకు సంక్రమించిన లక్షణమే రుజువనీ జర్మన్ కీటక శాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ 1950లో సూత్రీకరించాడు.

అలాంటి లక్షణమే చీలమండలోని ఒక ఎముక. ఆవు, పంది, ఒంటె, నీటిగుర్రం వంటి సరిసంఖ్య గిట్టల జంతువుల్లో దాని రెండు కొసలూ గిలకలా ఉంటాయి. మరే క్షీరదాల గుంపులోనూ అలా ఉండదు. ఇప్పటి తిమింగలాలకు వెనక కాళ్లే లేవు కాబట్టి ఎముకను పోల్చడం కుదరలేదు. పాకిస్తాన్‌లో దొరికిన, కాళ్లున్న తొలి తిమింగలాల శిలాజాల వివరాలు 2001లో వెలువడ్డాయి. వాటి చీలమండలో అదే జంట గిలక!

డీఎన్‌ఏ సాక్ష్యం అప్పటికే వచ్చింది. జన్యుపదార్థంలో కొన్ని చిన్న ముక్కలు తమను తాము నకలు చేసుకుని ఎక్కడో ఒకచోట దూరుతాయి. రెండు వంశాల్లో విడివిడిగా, సరిగ్గా ఒకే చోట, ఒకే ముక్క దూరడం చాలా అరుదు. ఒకసారి దూరాక ఆనవాలు లేకుండా ఊడిరావడమూ అంతే అరుదు. ఇంత గట్టి సాక్ష్యం శరీర నిర్మాణంలో సులువుగా దొరకదు. తిమింగలానికీ నీటిగుర్రానికీ మాత్రమే ఉమ్మడిగా ఉన్న అలాంటి ముక్కలను 1999లో చూపారు. ఆ రెండింటితో పాటు ఆవు వంటి నెమరువేసే జంతువుల్లోనూ ఉండి, పందిలో, ఒంటెలో లేని ముక్కలు కూడా ఉన్నాయి. అంటే ఆవు పందికంటే తిమింగలానికే దగ్గర.