పదో తరగతిలోంచి శిలాజాల పాఠం ఎలా పోయింది

జాతీయ విద్యా విధానానికి తగ్గట్టు హైస్కూల్ సైన్సు పుస్తకాలు తిరగరాస్తుండటంతో పాత గొడవ మళ్లీ లేచింది. జీవపరిణామం పదో తరగతిలోకి తిరిగొస్తుందా, రాదా? దీని గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది డార్విన్ దగ్గరో, 2018లో ఒక కేంద్ర సహాయ మంత్రి అన్న మాటల దగ్గరో మొదలుపెడుతున్నారు. అసలు మలుపు మాత్రం 2020 జూలైలో వచ్చింది, అప్పుడు కరోనా భయంలో ఉన్న మనం దాన్ని పట్టించుకోలేదు.

ఆ నెలలో కేంద్ర బోర్డు సీబీఎస్‌ఈ 9 నుంచి 12 తరగతుల దాకా సిలబస్‌లో 30 శాతం వరకు తగ్గించింది. బడులు మూతపడ్డాయి, పిల్లలు ఫోన్లలో పాఠాలు వింటున్నారు, అందుకని ఆ ఒక్క ఏడాదికే ఈ వెసులుబాటు అన్నారు. పదో తరగతి సైన్సులో కోత పడినవాటిలో జీవపరిణామం ఒకటి. పాఠం పుస్తకంలోనే ఉంది, పరీక్షలోంచే తీశారు. తల్లిదండ్రులకు టెన్షన్ తగ్గింది, టీచర్లకు ఊపిరాడింది, ఆ ఏడాదికి అది తప్పు నిర్ణయమని నేనూ అనను.

తర్వాత బడులు తెరుచుకున్నాయి. కోత మాత్రం పోలేదు సరికదా, 2022లో జాతీయ పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 'హేతుబద్ధీకరణ' పేరుతో విడుదల చేసిన జాబితాలో అది శాశ్వతమైంది. 'అనువంశికత, జీవపరిణామం' అనే అధ్యాయం ఉత్త 'అనువంశికత' అయింది. డార్విన్ గురించిన బాక్సు, భూమి మీద జీవం పుట్టుక, శిలాజాలు, మానవ పరిణామం అన్నీ పోయాయి. 2023లో కొత్తగా అచ్చయిన పుస్తకాలు చేతికొచ్చాకే చాలామందికి సంగతి తెలిసింది. ఆ ఏప్రిల్‌లో బ్రేక్‌త్రూ సైన్స్ సొసైటీ అనే సంస్థ రాసిన బహిరంగ లేఖ మీద 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు సంతకాలు చేశారు.

ఎన్‌సీఈఆర్‌టీ చెప్పిన కారణాలు మూడు. పిల్లల మీద భారం తగ్గించాలి, ఒకే విషయం రెండు చోట్ల ఉండకూడదు, పాఠం ఎలాగూ 12వ తరగతి జీవశాస్త్రంలో ఉంది. మంత్రులూ ఇదే చెప్పారు, 12లో పాఠం ఉన్న మాటా నిజమే.

కానీ పదోది దాటాక ఎంతమంది జీవశాస్త్రం చదువుతారు? మన ఇంటర్‌నే తీసుకోండి. జీవపరిణామం సెకండియర్ జువాలజీలో ఉంటుంది, అంటే అది బైపీసీ పిల్లలకే. ఎంపీసీలో చేరి ఇంజినీరింగ్‌కు వెళ్లేవాళ్లు, సీఈసీ, హెచ్ఈసీ చదివేవాళ్లు, పదో తరగతితోనే చదువు ఆపేసేవాళ్లు, వీళ్లెవరికీ ఆ పాఠం ఎదురుపడదు. దేశంలో పిల్లలందరూ తప్పనిసరిగా సైన్సు చదివే ఆఖరి మెట్టు పదో తరగతి. అక్కడ తీసేసి 12లో ఉందిగా అంటే కుదరదు.

పోయిన పేజీల్లో ఏముందో కూడా చూడాలి. శిలాజం వయసు రెండు రకాలుగా అంచనా వేయొచ్చని అందులో ఉండేది. తవ్వేకొద్దీ కిందిపొర పాతది, పైపొర కొత్తది అన్నది ఒకటి. శిలలోని ఒకే మూలకపు ఐసోటోపుల (అంటే వేర్వేరు బరువున్న పరమాణువుల) నిష్పత్తి చూడటం రెండోది. పది కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున చచ్చిపోయిన చిన్న జీవులు ఇసుకలో కూరుకుపోవడం, తర్వాతెప్పుడో దాని మీది బురదలో డైనోసార్లు, ఆపైన ఇంకా కొత్త జీవులు, చివరికి నేల కోసుకుపోయి అవన్నీ బయటపడటం బొమ్మలతో వరసగా వేశారు. నర్మదా లోయలో దొరికిన రాజసారస్ అనే డైనోసార్ పుర్రె బొమ్మా ఉండేది. బట్టీ పట్టే పాఠం కాదది, సాక్ష్యం నుంచి నిర్ణయానికి ఎలా వస్తారో పిల్లాడికి చూపించేది. భారం అని తీసింది సరిగ్గా దీన్నే.

శాస్త్రవేత్తలకు ఇంత కోపం ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదని, డార్విన్ సిద్ధాంతం తప్పని, పాఠ్యాంశాల్లో మార్చాలని 2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ అన్నప్పుడు దేశంలోని మూడు సైన్సు అకాడమీలూ కలిసి ఖండించాయి. మరుసటి ఏడాది జలంధర్ దగ్గర జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలరే దశావతారాలు డార్విన్ కంటే మెరుగైన వివరణ అన్నారు. ఈ రెండూ జరిగిన కొన్నేళ్లకే పాఠం పోతే, అది కేవలం భారం తగ్గించడమేనంటే నమ్మడం ఎవరికైనా కష్టమే.

ఇక మన సంగతి. 2014లో వచ్చిన రాష్ట్ర పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో శిలాజాల దగ్గర కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర ప్రాణహిత-గోదావరి లోయ రాళ్లలో దొరికిన జురాసిక్ కాలపు డైనోసార్ అది. 44 అడుగుల పొడవైన దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. తెలంగాణ పిల్లలు ఆ రాష్ట్ర పుస్తకంలోనే చదువుతున్నారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం ఒక్కో తరగతే ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలకు మారుతూ 2024-25లో పదో తరగతికి వచ్చింది, ఢిల్లీలో పడిన కోత అలా మన ఇళ్లలోకీ వచ్చేసింది. దీని మీద ఇక్కడ పెద్దగా చర్చే జరగలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఎందుకంటే ఈ పాఠానికి మన నేలంత మంచి లేబొరేటరీ అరుదు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన పాత గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) పొరలు కూర్చున్న చోట, ఆ రెంటి మధ్య పదుల కోట్ల ఏళ్ల ఖాళీ కంటికి కనబడుతుంది, జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. రాజమండ్రి దగ్గర లావా పొరల మధ్య సముద్ర జీవుల శిలాజాలున్నాయి. గోదావరి లోయ బొగ్గు పొరల నాటి గ్లాసోప్టెరిస్ మొక్క శిలాజాలు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా దొరికాయి, ఒకప్పుడు ఇవన్నీ ఒకే ఖండమనడానికి అదొక సాక్ష్యం. ఇవన్నీ ఆసక్తి ఉన్న టీచర్ ఇప్పుడైనా చెప్పొచ్చు కదా అంటారు కొందరు. పబ్లిక్ పరీక్షలో రాని దానికి పీరియడ్ ఇచ్చే హెడ్మాస్టర్లు ఎంతమంది ఉంటారో పదోక్లాసు పిల్లలున్న ఏ ఇంట్లోనైనా అడగండి.

కొత్త పుస్తకాల్లో ఢిల్లీ ఏం చేస్తుందన్నది అలా ఉంచితే, తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం పక్కపక్క పేజీల్లో పుస్తకాలు అచ్చువేస్తున్న ఆంధ్రప్రదేశ్ విద్యా పరిశోధన, శిక్షణ మండలిని (ఎస్‌సీఈఆర్‌టీ) ఒక అనుబంధ పాఠం చేర్చమని అడగడానికి ఇదే సమయం. దానికి కొత్తగా కమిటీ కూర్చోనక్కర్లేదు. కోటసారస్ పేజీ తెలుగులో రాసి, బొమ్మ వేసి, పదేళ్ల పాటు మన పిల్లలకు చెప్పినదే.