రెండూ రెండూ కలిస్తే ఐదా?

ప్రియమైన పిల్లలకు,

మీలో కొందరు ప్రాజెక్టుల కోసం ఎక్సెల్‌లో పట్టికలు చేస్తున్నారట. మీలో పెద్దవాళ్లు పవర్ బీఐ (అంకెలను చార్టులుగా, రిపోర్టులుగా చూపించే సాఫ్ట్‌వేర్) కూడా మొదలుపెట్టారని తెలిసి చాలా సంతోషం వేసింది. నేను 30 ఏళ్లు రిపోర్టులు తయారుచేసే పనిలోనే ఉన్నాను. అందుకే లెక్కంతా అయిపోయాక మిగిలే పని గురించి, అంటే ఆ అంకెలు చదివేవాళ్లకు ఎలా కనపడాలన్న దాని గురించి, ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న పట్టిక చేశాను. రెండు వరుసలు, కింద మొత్తం. శుభ్రంగా కనిపిస్తుందని దశాంశాలన్నీ తీసేశాను. మీటింగ్‌లో ఒక పెద్దాయన ఆ కాగితం మీద పెన్ను ఆనించి, "రెండూ రెండూ కలిస్తే ఐదామ్మా?" అని అడిగారు. చూస్తే నిజమే. పైన 2, దాని కింద 2, మొత్తం దగ్గర 5. నాకు నోట మాట రాలేదు.

అసలు విలువలు 2.4, 2.4. కలిపితే 4.8. లెక్క తప్పు కాదు. దశాంశాలు వద్దన్నాను కదా, ఎక్సెల్ ప్రతి అంకెనూ విడివిడిగా దగ్గరి పూర్ణసంఖ్యగా చూపించింది. 2.4 రెండైంది, 4.8 ఐదైంది. ఒక్క దశాంశం ఉంచి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. ఆ తర్వాత మిగతా పేజీల్లో ఎంత సరైన లెక్క ఉన్నా అందరూ అనుమానంగానే చూశారు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

సెల్‌లో, అంటే పట్టికలోని గడిలో, ఉన్న విలువ వేరు, తెర మీద కనిపించే రూపం వేరు. ఫార్మాట్ మార్చితే రూపమే మారుతుంది. 2 అని కనిపిస్తున్నా లోపల 2.4 అలాగే ఉంటుంది, దశాంశం కావాలంటే మళ్లీ బయటికి వస్తుంది. విలువనే దగ్గరి సంఖ్యగా మార్చే రౌండ్ ఫంక్షన్ అలా కాదు, అది ఇచ్చే ఫలితంలో ఆ 0.4 ఇక ఉండదు. ఎక్సెల్ సెట్టింగ్స్‌లో 'ప్రెసిషన్ యాజ్ డిస్‌ప్లేడ్' అని ఒకటుంది. దాన్ని మాత్రం ముట్టుకోకండి. తెర మీద కనిపించినంతే ఉంచి, మిగతాది శాశ్వతంగా కోసేస్తుంది.

రూపం ఎలా ఉండాలో చెప్పడానికి చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. 0 అని రాస్తే ఆ స్థానంలో అంకె లేకపోయినా సున్నా వేస్తుంది. # అని రాస్తే అంకె ఉంటేనే చూపిస్తుంది. సగం విలువకు 0.00 రాస్తే 0.50 అని, #.## రాస్తే .5 అని వస్తుంది. అదే #.## పెట్టి 5 చూపిస్తే పక్కన ఒక చుక్క ఒంటరిగా వేలాడుతుంది. నిలువు వరుసలో చుక్కలన్నీ ఒకదాని కింద ఒకటి పడాలంటే 0.00 మేలు.

సెమీకోలన్లు (;) పెట్టి ఫార్మాట్‌ను నాలుగు భాగాలు చేయొచ్చు. మొదటిది ధన సంఖ్యలకు, రెండోది రుణ సంఖ్యలకు, మూడోది సున్నాకు, నాలుగోది అక్షరాలకు. చాలామంది మూడో భాగంలో చిన్న గీత పెట్టి సున్నాలను దాచేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ జాగ్రత్త. వర్షపాతం పట్టికనే తీసుకోండి. వాన పడని రోజు 0. కొలిచే మనిషి రాని రోజు ఖాళీ. రెండిటికీ గీతే కనిపిస్తే, కొలవని రోజును కూడా చదివేవాళ్లు ఎండ కాసిన రోజనే అనుకుంటారు. వాన లేకపోవడం ఒక సమాచారం, కొలత లేకపోవడం ఇంకో సమాచారం. ఈ తేడా పోనివ్వకండి.

పెద్ద సంఖ్యల సంగతికి వస్తే, ఫార్మాట్ చివర ఒక కామా పెడితే ఎక్సెల్ వెయ్యితో భాగించి చూపిస్తుంది. 0.0, అని రాస్తే 45,678 కాస్తా 45.7 అవుతుంది. రెండు కామాలైతే పది లక్షలతో. అప్పుడు పైన శీర్షికలో 'వేలలో' అనో 'పది లక్షలలో' అనో తప్పకుండా రాయాలి, లేకపోతే 45.7 అంటే ఉత్త నలభై అయిదా, నలభై అయిదు వేలా అని తెలియక చదివేవాళ్లకు టెన్షన్. కామాలు పెట్టే పద్ధతి కూడా అంతటా ఒకటి కాదు. మనం 1,23,45,678 అని రాస్తాం, చాలా దేశాల్లో 12,345,678 అంటారు. జర్మనీలో కామా ఉన్నచోట చుక్క, చుక్క ఉన్నచోట కామా. కాబట్టి 1.234 ఒకరికి ఒకటికి కాస్త పైన, ఇంకొకరికి వెయ్యి దాటిన సంఖ్య! 2003లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ దశాంశానికి చుక్క అయినా కామా అయినా వాడొచ్చని, మూడేసి అంకెల మధ్య మాత్రం రెండూ వద్దని, కావాలంటే ఖాళీ వదలమని చెప్పింది.

శాతం గుర్తు పెడితే ఎక్సెల్ విలువను వందతో గుణించి చూపిస్తుంది. 0.07 ఉంటే 7%. లెక్కలో మీరే ముందు వందతో గుణించేసి ఉంటే 700% అని కనిపిస్తుంది. ఇంకొకటి, 4% నుంచి 5%కి వెళ్తే పెరిగింది ఒక శాతం పాయింటు. పెరుగుదల శాతం మాత్రం 25.

పవర్ బీఐ వాళ్లకు ఒక మాట. మెజర్‌లో, అంటే మీరు రాసుకునే లెక్క సూత్రంలో, ఫార్మాట్ అనే ఫంక్షన్ వాడితే సంఖ్య కాస్తా అక్షరాలుగా మారిపోతుంది. అప్పుడు 3, 20, 100 అని రావాల్సిన వరుస 100, 20, 3 అని వస్తుంది. బార్ చార్టుకు ఎత్తు తెలియదు. 2023లో డైనమిక్ ఫార్మాట్ స్ట్రింగ్స్ వచ్చాయి, అవి వాడండి. చూసేవాళ్లు ఎంచుకున్నదాన్ని బట్టి ఒకే మెజర్ ఒకసారి సంఖ్యగా, ఇంకోసారి శాతంగా కనిపిస్తుంది, లోపల మాత్రం సంఖ్యగానే ఉంటుంది.

మీరు చేసిన పట్టికలు నాకు పంపండి, కూర్చుని చూస్తాను. కింద 'మొత్తం' అని కూడిక వేసిన వరుస ఉన్న పేజీ ముందు పంపండి, నేను చూసేది మొదట అదే.

ప్రేమతో,
మీ పెద్దమ్మ