ఎలుక రక్తనాళానికి సరిపోయే పనిముట్టు

హైదరాబాదులో చార్‌కమాన్ దగ్గరి నగల దుకాణాల వెనుక సందుల్లో, తల వంచుకొని పనిచేసే కంసాలి చేతిలోని సన్నని శ్రావణానికీ (ట్వీజర్స్), తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల పెరిగే ప్రయోగశాల ఎలుకకూ ఉన్న సంబంధం చాలా దగ్గరిది. 1960లో అమెరికాలోని వెర్మాంట్‌లో జూలియస్ జాకబ్‌సన్ సూక్ష్మదర్శిని కింద 1.6 నుంచి 3.2 మిల్లీమీటర్ల రక్తనాళాలను కుట్టి చూపినప్పుడు, ఆనాటి శస్త్రచికిత్స సామగ్రి ఆ పనికి మరీ మోటుగా ఉండడంతో, నగలు చేసేవారి శ్రావణాలను తెచ్చుకోవలసి వచ్చింది. సూక్ష్మశస్త్రచికిత్సకు వాడే సన్న శ్రావణాన్ని ఇప్పటికీ ‘జువెలర్స్ ఫోర్సెప్స్’ అనే పిలుస్తారు. మరికొన్నేళ్లకు కాలిఫోర్నియాలో హ్యారీ బంకీ తన ఇంటి గ్యారేజీనే ప్రయోగశాలగా మార్చుకొని, పూర్తిగా కోసిన కుందేలు చెవిని తిరిగి అతికించి, ఆ ఫలితాన్ని 1966లో ప్రచురించారు.

ఎలుకల్లో అవయవాలు మార్చి చూసేది కూడా ఇటువంటి శస్త్రచికిత్సతోనే. అవయవమార్పిడి పరిశోధనకు ఎలుక ఎందుకంటే, తరతరాలుగా దగ్గరి రక్తసంబంధంలోనే సంతానోత్పత్తి చేయించిన ఎలుకల జాతులలో ఒక ఎలుకకూ మరొక ఎలుకకూ జన్యుపరంగా దాదాపు తేడా ఉండదు. కాబట్టి ఏ అవయవాన్ని శరీరం ఒప్పుకుంటుందో, దేనిని తిరస్కరిస్తుందో ముందే నిర్ణయించుకొని ప్రయోగం చేయవచ్చు. ఈ తిరస్కరణను అణచే సైక్లోస్పోరిన్ మందు, మార్పిడి చేసిన గుండెను ఎక్కువ కాలం నిలబెడుతుందని 1977లో కేంబ్రిడ్జిలో గమనించింది ఎలుకల్లోనే. చిక్కల్లా కొలతల్లోనే ఉంది. పావుకిలో ఎలుక పొట్టలోని బృహద్ధమని, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే పెద్ద నాళం, వ్యాసం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దానిని కుట్టే ‘10-0’ కొలత దారం మందం 20 నుంచి 29 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే మన వెంట్రుకలో సగం కూడా ఉండకపోవచ్చు.

ఇంత సన్నని దారాన్ని పట్టుకోవాలంటే శ్రావణం రెండు మొనలూ కచ్చితంగా ఒకే చోట కలవాలి. ఒక్కసారి చేయి జారి బల్ల మీద పడితే చాలు, మొన వంగిపోతుంది. కొత్తది కొనడం ఖరీదు కనుక మొనను ల్యాబులోనే సరిచేసుకుంటారు. రెండు మొనలను మూసి పట్టుకొని, సూక్ష్మదర్శినిలో చూస్తూ, బండ్లకు రంగు వేసేవారు వాడే 2000 నంబరు వాటర్ పేపరు మీద నీటితో తడుపుతూ మెల్లగా అరగదీయాలి. ఇక్కడ తొందరపడేవారు ఒక పొరపాటు చేస్తారు. మొన బయటివైపు సన్నబడితే చాలుననుకొని లోపలి అంచులను పదునుగా వదిలేస్తారు. అటువంటి శ్రావణం నాళాన్ని పట్టుకోదు, కోస్తుంది. మంటలో కాల్చి వంచడం అంతకన్నా పెద్ద తప్పు, ఎందుకంటే వేడికి ఉక్కు గట్టిదనం పోయి మొన మళ్లీ మళ్లీ వంగుతుంది. ఇంజక్షను సూదిని చల్లగా ఉండగానే చిన్న పట్టకారుతో వంచి, మొనను మొద్దుగా అరగదీస్తే నాళం చుట్టూ పొరలను విడదీసే మంచి కొక్కెం అవుతుంది. పొట్టను తెరిచి ఉంచే కొక్కేలకు కాగితాల క్లిప్పులు వంచేవారున్నారు కానీ, పైపూత లేచిన చోట సెలైన్ తగిలి తుప్పు పడుతుంది. దంతవైద్యులు పళ్లు సరిచేయడానికి వాడే స్టెయిన్‌లెస్ తీగ మేలు.

వీటన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క. ఎలుకకు కాలేయం మార్చేటప్పుడు పేగుల నుంచి రక్తం తెచ్చే ద్వారసిరను బిగించి ఉంచాలి. ఆ బిగింపు సుమారు 20 నిమిషాలు దాటితే పేగుల్లో రక్తం నిలిచి, జంతువు బతికే అవకాశం తగ్గిపోతుంది. కుట్లు వేస్తూ కూర్చుంటే ఆ సమయం చాలదు. 1979లో కేంబ్రిడ్జిలో నవోషి కమాడా, రాయ్ కాల్నే దీనికి కఫ్ పద్ధతిని వివరించారు. దాత నుంచి తీసిన కాలేయం సిరను గొట్టం లోపలి నుంచి లాగి, చొక్కా చేతి అంచును మడిచినట్లు బయటికి మడిచి దారంతో కట్టివేస్తారు. గ్రహీత సిరను దాని మీదికి తొడిగి మరో దారం బిగిస్తే, రెండు సిరల లోపలి పొరలూ ఒకదానినొకటి తాకుతాయి. ప్లాస్టిక్ మాత్రం రక్తానికి తగలదు. కోఠిలోని సర్జికల్ దుకాణంలో దొరికే ఐవీ కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి సిరలో పెట్టే సన్నని గొట్టం) నుంచి ఈ కఫ్‌ను బ్లేడుతో కోసుకోవచ్చు. శ్రావణంతో పట్టుకోవడానికి ఒక చిన్న తోకను వదలాలి, దారం జారకుండా పైన సన్నని గాడి పెట్టాలి, అంచును నునుపు చేయాలి. పనిముట్టు లేక చేసుకున్న సర్దుబాటు అని దీనిని తీసిపారేయలేం. ఈ ముక్క వల్ల శస్త్రచికిత్స పద్ధతే మారిపోయింది.

అయితే అన్నీ ఇంట్లో చేసుకోలేం. దారానికి అతికి ఉండే సూదినీ, నాళాన్ని బిగించే క్లిప్పునూ కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం. క్లిప్పు స్ప్రింగు అవసరానికి మించి బిగిస్తే నాళం లోపలి పొర నలిగి, క్లిప్పు తీసిన తరువాత అక్కడే రక్తం గడ్డ కడుతుంది. తప్పు పనిముట్టుది, మూల్యం చెల్లించేది జంతువు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఇటువంటి ప్రయోగానికి సంస్థ నైతిక సంఘం అనుమతి ఉండాలి, మత్తు ఇచ్చే విధానాన్ని కూడా ఆ సంఘం పరిశీలిస్తుంది.

అందుకే బల్ల మీద తయారైన శ్రావణాన్ని ముందుగా శస్త్రచికిత్స చేతితొడుగు మీద పరీక్షిస్తారు. చాచి బిగించిన రబ్బరులో చిన్న కోత పెట్టి, 10-0 దారంతో కుట్టి ముడి వేయాలి. దారం మొనల మధ్య నుంచి జారకూడదు, తెగకూడదు, రబ్బరు మీద గాటు పడకూడదు. ఆ తరువాత మాంసం దుకాణం నుంచి తెచ్చిన కోడి తొడలోని ధమని మీద అదే కుట్టు వేయాలి. రంగు నీళ్లు ఎక్కించినప్పుడు ఆ కుట్టు దగ్గర చెమ్మ కనబడితే, శ్రావణం మళ్లీ వాటర్ పేపరు మీదికి వెళ్తుంది.