తప్పు అఫెన్స్‌దా, డిఫెన్స్‌దా: అయోవా పద్దు

2022 సెప్టెంబర్ 3న అయోవా సిటీలోని కినిక్ స్టేడియంలో మ్యాచ్ ముగిసేసరికి స్కోరు 7-3. అమెరికన్ ఫుట్‌బాల్ కాస్త తెలిసినవాళ్లు 7 కనపడగానే ‘ఒక టచ్‌డౌన్‌కి 6, దాని మీద అదనంగా 1’ అనుకుంటారు. టచ్‌డౌన్ అంటే బంతితో అవతలి గోల్ గీత దాటడం. అయోవా యూనివర్సిటీ జట్టు ఆ రోజు టచ్‌డౌనే చెయ్యలేదు. ఒక ఫీల్డ్ గోల్‌కి (బంతిని గోల్‌పోస్టుల మధ్యకి తన్నడం) 3, రెండు సేఫ్టీలకి రెండేసి చొప్పున 4. బంతి పట్టుకున్న ప్రత్యర్థిని వాళ్ల సొంత గోల్ గీత వెనకాలే పడగొడితే దాన్ని సేఫ్టీ అంటారు. అది డిఫెన్స్ సంపాదన. అంటే సౌత్ డకోటా స్టేట్ మీద అయోవా అఫెన్స్ చేసింది 3, డిఫెన్స్ చేసింది 4. డిఫెన్స్ ఆ నాలుగూ తేకపోతే స్కోరు 3-3.

అఫెన్స్ వల్ల ఓడుతున్నామా, డిఫెన్స్ వల్లా అన్న గొడవ అమెరికా కాలేజీ ఊళ్లలో ప్రతి శనివారం ఉండేదే. ఎమ్మెస్‌కి వెళ్లిన మన పిల్లలకి మొదటి సెమిస్టర్‌లోనే ఇది చెవిన పడుతుంది. ఈ ఆటలో బంతి మనదైతే పదకొండు మంది దిగుతారు, అది అఫెన్స్; ప్రత్యర్థిదైతే వాళ్లు బయటికొచ్చి వేరే పదకొండు మంది దిగుతారు, అది డిఫెన్స్. కోచ్‌లూ వేరే. కాబట్టి తిట్టడానికి మనిషి సులువుగా దొరుకుతాడు.

మనకి దగ్గరగా ఉండేది బ్యాటింగా బౌలింగా అన్న వాదన. కానీ ఒక పెద్ద తేడా ఉంది. టీ20లో మన బ్యాటర్లు 90కే ఆలౌటైనా, అవతలివాళ్లకి దొరికేవి అవే 120 బంతులు, అదే పిచ్, అదే బౌండరీ. మన బ్యాటింగ్ చెడిందని వాళ్ల బౌండరీ పది గజాలు దగ్గరికి రాదు. ఫుట్‌బాల్‌లో సరిగ్గా అదే జరుగుతుంది. అఫెన్స్ బంతిని ఎక్కడ వదిలిపెడితే డిఫెన్స్ అక్కణ్ణించి కాపలా కాయాలి. ఇంకా ఎన్నిసార్లు కాయాలన్నది కూడా కొంతవరకు అఫెన్స్ చేతిలోనే ఉంటుంది. అందుకే ‘డిఫెన్స్ ఇన్ని పాయింట్లు ఇచ్చింది’ అని స్కోరుబోర్డు చెప్పేది సగం నిజమే.

ఈ సగాన్ని లెక్కగట్టే దారి వేసినవాళ్లలో ఒకడు ఆటగాడే కావడం నాకు భలే నచ్చుతుంది. వర్జిల్ కార్టర్ సిన్సినాటి బెంగాల్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే అఫెన్స్‌ని నడిపించే ఆటగాడు. ఆడుతూనే నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఎంబీఏ చదివాడు. అక్కడి ప్రొఫెసర్ రాబర్ట్ మాకోల్‌తో కలిసి 1969 ప్రొఫెషనల్ సీజన్‌లోని 56 మ్యాచ్‌ల వివరాలు కంప్యూటర్‌కి ఎక్కించి, 1971లో ఒక పరిశోధనా పత్రం వేశాడు. వాళ్లు వేసుకున్న ప్రశ్న చిన్నదే: మైదానంలో ఫలానా చోట బంతి మన చేతికొస్తే, తర్వాత పడబోయే పాయింట్లలో సగటున మన వాటా ఎంత?

ప్రత్యర్థి గోల్ గీతకి 5 గజాల దూరంలో ఉంటే జవాబు సుమారు 6 పాయింట్లు. 45 గజాల దూరంలో ఉంటే 2.4. మన సొంత 25 గజాల గీత దగ్గరైతే పావు పాయింటు కూడా లేదు. సొంత 5 గజాల గీత దగ్గరికి వచ్చేసరికి మైనస్ 1.2. బంతి మన చేతిలోనే ఉంది, అయినా మైనస్! ఆ మూల నుంచి బయటపడలేక బంతి అప్పగించేస్తే తర్వాతి పాయింట్లు ఎక్కువసార్లు అవతలివాళ్లవే అవుతాయి మరి. ఇప్పుడు దీన్ని ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ అంటున్నారు. కాలేజీ ఆటకి అంకెలు కొంచెం మారతాయి గానీ పద్ధతి అదే.

ఆ పట్టీ చేతిలో పెట్టుకుని 2023 డిసెంబర్ 2న ఇండియానాపొలిస్‌లో జరిగిన బిగ్ టెన్ (అయోవా ఆడే కాలేజీ లీగ్) ఫైనల్ చూద్దాం. మిషిగన్ 26, అయోవా 0. పొద్దున్నే పేపర్‌లో స్కోరు ఒక్కటే చూసినవాడికి రెండు పక్కలా కుప్పకూలినట్టే అనిపిస్తుంది. కానీ మిషిగన్ అఫెన్స్ ఆ రోజు సాధించింది మొత్తం 213 గజాలే. మంచి అఫెన్స్‌కి అది ఒక సగానికి సరిపోయే దూరం. మరి 26 ఎక్కడివి?

మొదటి టచ్‌డౌన్‌కి ముందు అయోవా పంట్ చేసింది. అంటే ముందుకు సాగక బంతిని దూరంగా తన్ని అప్పగించింది. మిషిగన్ కుర్రాడు సెమజ్ మోర్గన్ దాన్ని పట్టుకుని 87 గజాలు పరుగెత్తి గోల్ గీతకి 5 గజాల దగ్గర ఆగాడు. అయోవా డిఫెన్స్ మైదానంలోకి వచ్చేసరికే కార్టర్ పట్టీ ప్రకారం 6 పాయింట్లు పోయాయి. బ్లేక్ కోరమ్ గీత దాటడం లాంఛనం. రెండో టచ్‌డౌన్ కథా అంతే. అయోవా క్వార్టర్‌బ్యాక్ డీకన్ హిల్ చేతిలోంచి బంతి జారింది, మిషిగన్‌కి గోల్ గీత 6 గజాల దూరంలో దొరికింది, మళ్లీ కోరమే. ఈ రెండింటి 14 పాయింట్లలో దాదాపు 12 డిఫెన్స్ అడుగు పెట్టకముందే ఖర్చయిపోయినవి. మిగతా 12 నాలుగు ఫీల్డ్ గోల్స్. డిఫెన్స్ రాకముందే పోయిన ఆ మొదటి 12నీ పక్కన పెడితే 26-0 కాస్తా 14-0 అవుతుంది. అయినా ఓటమే, సున్నా సున్నానే. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఈ మ్యాచ్ తర్వాత డిఫెన్స్‌ని తిట్టడమే.

అలాగని అయోవా డిఫెన్స్ మంచి పేరంతా దాని సొంతమేనా అంటే అదీ కాదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టోరీ టేలర్ అనే పంటర్ ఉండేవాడు. 2023లో 93 సార్లు తన్ని 4,479 గజాలు పంపాడు. మిషిగన్ స్టేట్ ఆటగాడు జానీ పింగెల్ పేరు మీద 1938 నుంచి ఉన్న రికార్డు బద్దలైంది. అతని తన్నుకి ప్రత్యర్థి తరచూ సొంత మూలలో ఇరుక్కునేవాడు. మొదట్లో చెప్పిన ఆ సేఫ్టీలు పుట్టేది అలాంటి చోట్లే. 93 పంట్లంటే అఫెన్స్ 93 సార్లు చేతులెత్తేసిందని కూడా కదా. ఆ రికార్డు టేలర్ కాలికి సన్మానం, అఫెన్స్‌కి చార్జిషీటు.

గడియారం సంగతి కూడా చూడాలి. 2018 సెప్టెంబర్‌లో ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ) జట్టు ఓక్లహోమా మీద ఆడింది. క్వార్టర్‌బ్యాక్ కైలర్ ముర్రే ఉన్న ఆ ఓక్లహోమా ఆ ఏడాది మ్యాచ్‌కి సగటున 48 పాయింట్లు చేసిన జట్టు. ఆర్మీ అఫెన్స్ 60 నిమిషాల్లో దాదాపు 45 నిమిషాలు బంతిని తన దగ్గరే ఉంచుకుంది. ఓక్లహోమాకి బంతితో ముందుకెళ్లడానికి దక్కిన ప్రయత్నాలు 40 మాత్రమే. చివరికి ఓక్లహోమా 28-21తో ఓవర్‌టైమ్‌లో గానీ గెలవలేకపోయింది. ఆ రోజు ఓక్లహోమాని కట్టడి చేసిన అసలు డిఫెన్స్ ఆర్మీ అఫెన్సే.

ఇక అయోవాకి వస్తే, ఇన్ని సర్దుబాట్లు చేసినా నా తీర్పు మారదు. తప్పు అఫెన్స్‌దే. ‘ఇద్దరిదీ’ అని తప్పుకోవడం ఇక్కడ చెల్లదు. 2023లో అయోవా 14 మ్యాచ్‌ల్లో 216 పాయింట్లు చేసింది, సగటు 15.4. నాలుగు ఓటముల్లో మూడింటిలో సున్నా. మొదటి క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారా సెప్టెంబర్ నెలాఖరులోనే మోకాలి గాయంతో సీజన్‌కి దూరమయ్యాడు, నిజమే. కానీ 2022లో, అతను రాకముందే, సగటు 17.7.

ఇందులో నన్ను నవ్వించింది యూనివర్సిటీ పెట్టిన కొలబద్ద. అఫెన్స్ కోచ్ బ్రయాన్ ఫెరెంట్జ్, హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్జ్ కొడుకు. 2023 ఫిబ్రవరిలో అతని జీతం 50 వేల డాలర్లు తగ్గించి, జట్టు మ్యాచ్‌కి సగటున 25 పాయింట్లు చెయ్యాలి, కనీసం 7 గెలవాలి అని ఒప్పందంలో రాశారు. ఆ 25లో ఎవరు చేసిన పాయింటైనా చెల్లుతుంది. కూపర్ డిజీన్ మిషిగన్ స్టేట్ మీద పంట్ పట్టుకుని 70 గజాలు పరుగెత్తి చేసిన టచ్‌డౌన్ కూడా అఫెన్స్ కోచ్ ఖాతాలోకే. అంతకుముందు సీజన్ ఆఖరి మ్యాచ్‌లో కెంటకీ మీద 21-0తో నెగ్గినప్పుడు ఆ 21లో 14 డిఫెన్స్ బంతి లాక్కుని తెచ్చినవని తెలిసి కూడా ఇలా రాశారు. ఇంత వెసులుబాటు ఇచ్చినా అతను 25 దరిదాపులకి రాలేదు. అక్టోబర్ 30న, సీజన్ మధ్యలోనే, వచ్చే ఏడాది ఇతను ఉండడని ప్రకటించారు.

2024లో అఫెన్స్ కోచ్‌గా టిమ్ లెస్టర్ వచ్చాడు. 13 మ్యాచ్‌ల్లో 360 పాయింట్లు, సగటు 27.7. మ్యాచ్‌కి 12 పాయింట్లు పెరిగాయి. డిఫెన్స్ ఇచ్చినవి 14.8 నుంచి 17.8కి, అంటే 3 మాత్రమే పెరిగాయి. గెలుపులు? 10 నుంచి 8కి తగ్గాయి.

2023 సీజన్‌లో చేసినవి 216, ఇచ్చినవి 207. అంటే తేడా 9. అలాంటి జట్టు మామూలుగా ఏడో ఎనిమిదో గెలవాలి, పది గెలిచింది. ఏడు పాయింట్లలోపు తేడాతో తేలిన మ్యాచ్‌లు ఆరుంటే ఐదు నెగ్గింది మరి. నార్త్‌వెస్టర్న్ మీద 10-7, నెబ్రాస్కా మీద 13-10, ఇలాంటివి. 2024లో తేడా 128. ఆ లెక్కన తొమ్మిదో పదో రావాలి. ఇరుకు మ్యాచ్‌లు నాలుగింటిలో మూడు పోయాయి, ఒకటి 1 పాయింటుతో, రెండు మూడేసి పాయింట్లతో. చివరి నిమిషంలో గోల్‌పోస్టుకి అటో ఇటో పడే బంతి ఏ కోచ్ ఖాతాలో రాయాలి?

2023 జట్టు 24 పాయింట్లు గానీ అంతకు మించి గానీ చేసింది మూడే మూడు సార్లు, మూడూ గెలిచింది. 2024 జట్టు ఆఖరి మ్యాచ్‌లో మిసోరీ మీద సరిగ్గా 24 చేసి, 27-24తో ఓడి ఇంటికెళ్లింది.