సిగరెట్ ముప్పును పెంచి చెబుతున్నారా? ఈ అనుమానం వెనక డెబ్బై ఏళ్ల చరిత్ర

"మా తాత రోజుకో పెట్టె కాల్చి తొంభై ఏళ్లు బతికాడు" అనే మాట వినని వాళ్లుండరు. అందులో అబద్ధమేమీ లేదు. బ్రిటన్ డాక్టర్ల మీద 1951లో మొదలై యాభై ఏళ్లు సాగిన అధ్యయనంలో ఇలాంటి తాతలు లెక్కకు దొరికారు. 1900-1930 మధ్య పుట్టి, సిగరెట్ మానకుండా 35 ఏళ్లకు చేరిన మగవాళ్లు నూరుమందిలో నలుగురు తొంభై చూశారు. ఎన్నడూ కాల్చనివాళ్లలో తొంభై చూసినవాళ్లు 24 మంది. ఎనభై దగ్గర ఆ అంకెలు 26, 59. డెబ్బై దగ్గర 58, 81. నలుగురు తాతలు నిజమే, వాళ్ల పక్కన ఉండాల్సిన మరో ఇరవై మంది లేకపోవడమూ నిజమే.

అయినా, ముప్పును పెంచి చెబుతున్నారన్న అనుమానాన్ని ఉత్త మొండివాదమని కొట్టిపారేయలేం. దానికి రెండు వేర్లున్నాయి. ఒకదాన్ని కంపెనీలు డబ్బు పోసి పెంచాయి. రెండోది పొగ వద్దని ప్రచారం చేసేవాళ్లే తెచ్చిపెట్టుకున్నది. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే వాదన ఎప్పటికీ తెగదు.

పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఊపిరితిత్తుల కేన్సర్ చాలా అరుదు. 1912లో అమెరికా వైద్యుడు ఐజాక్ ఆడ్లర్ ఆ జబ్బు మీద పుస్తకం రాస్తూ, ఇంత అరుదైన విషయానికి ఓ పుస్తకమా అని తనే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. 1880ల్లో సిగరెట్ చుట్టే యంత్రం వచ్చి సరుకు చవకైంది. మొదటి ప్రపంచ యుద్ధంతో సిగరెట్ సైనికుల జేబుల్లోకి చేరింది. మరో రెండు మూడు దశాబ్దాలకు కేన్సర్ మరణాలు ఎగబాకాయి. అప్పట్లో అనుమానాలు చాలావాటి మీద ఉండేవి: రోడ్ల మీద పోసే తారు, మోటారు వాహనాల పొగ, యుద్ధంలో వాడిన విషవాయువులు, ఫ్లూ. ఈ జబ్బు మీద పరిశోధన చేసిన బ్రిటన్ వైద్యుడు రిచర్డ్ డాల్ కూడా మొదట రోడ్డు తారునే అనుమానించాడు. లెక్కలు తేలాక తనే సిగరెట్ మానేశాడు.

1950లో డాల్, గణాంక నిపుణుడు బ్రాడ్‌ఫర్డ్ హిల్ కలిసి లండన్ ఆసుపత్రుల లెక్క ప్రచురించారు. ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చిన 649 మంది మగవాళ్లలో పొగ అలవాటు లేనివాళ్లు ఇద్దరే. పోలికకు తీసుకున్న అంతేమంది ఇతర రోగుల్లో 27 మంది. ఆ రోజుల్లో దాదాపు మగవాళ్లందరూ కాల్చేవారు కాబట్టి తేడా పైకి చిన్నదిగా కనిపించింది, విమర్శకులు దాన్నే పట్టుకున్నారు. నిజానికి ఆ పద్ధతిలో ఉన్న లోపం ముప్పును తగ్గించి చూపే లోపం. పోలికకు ఎంచుకున్నవాళ్లూ ఆసుపత్రి రోగులే. వాళ్లలో కొందరి గుండె జబ్బు, దగ్గు, ఆయాసం కూడా సిగరెట్ తెచ్చినవే. పోల్చేవాళ్లలోనే కాల్చేవాళ్ల వాటా మామూలు కన్నా ఎక్కువగా ఉంటే తేడా కుదించుకుపోతుంది. అందుకే మరుసటి ఏడాది పద్ధతి మార్చారు. ముందే డాక్టర్ల అలవాట్లు రాసుకుని, ఆ తర్వాత ఎవరు దేనితో పోతారో చూడటం మొదలుపెట్టారు.

ఇక ప్రత్యర్థుల్లో అసలైన ఉద్దండుడు రొనాల్డ్ ఫిషర్. ఆధునిక గణాంక శాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఒకడు, పైప్ తాగేవాడు, ఆ పాటికి పొగాకు కంపెనీల సంఘానికి సలహాదారు. 1957-58లో ఆయన లేవనెత్తిన ప్రశ్నలు మాత్రం డబ్బుకు అమ్ముడుపోయిన ప్రశ్నలని తోసేసేవి కావు. సిగరెట్ మీద మోజు, కేన్సర్ వచ్చే గుణం రెండూ ఒకే జన్యువు నుంచి రావచ్చు కదా అన్నాడు. పొగ లోపలికి పీల్చే అలవాటు ఉందా అన్న ప్రశ్నకు 1950 అధ్యయనంలోని కేన్సర్ రోగులు మిగతావాళ్ల కన్నా కాస్త తక్కువగానే 'అవును' అన్నారు, దీనికేం చెబుతారని ఎద్దేవా చేశాడు.

రెండో ప్రశ్నకు జవాబు అమెరికాలో జరిగిన చాలా పెద్ద సర్వేల్లో దొరికింది. పొగ ఎంత లోతుగా పీలిస్తే మరణాలు అంత పెరిగాయి. మొదటి ప్రశ్నకు 1959లో అమెరికా గణాంక నిపుణుడు జెరోమ్ కార్న్‌ఫీల్డ్, సహచరులు ఇచ్చిన జవాబు ఇప్పటికీ పాఠాల్లో చెబుతారు. కాల్చేవాళ్లకు కేన్సర్ ముప్పు తొమ్మిది రెట్లు అనుకోండి. దానికి అసలు కారణం కనిపించని ఏదో జన్యువే అయితే, కాల్చనివాళ్లతో పోలిస్తే కాల్చేవాళ్లలో ఆ జన్యువు కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువమందిలో ఉండాలి. అంత బలంగా అలవాటుతో ముడిపడిన గుణం ఏదీ ఎవరికీ దొరకలేదు. పైగా సిగరెట్ మానేసిన రోజున జన్యువు మారదు, ముప్పు మాత్రం ఏడాదికేడాది తగ్గుతూ వస్తుంది. ఒకే రూపు కవలల్లో ఒకరు కాల్చి ఇంకొకరు కాల్చని జంటలను ఉత్తర ఐరోపా దేశాల రికార్డుల్లోంచి ఏరి 2017లో ప్రచురించిన లెక్కలో, కాల్చిన కవలకు ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు ఐదు రెట్లకు పైనే ఉంది. ఫిషర్‌కు ఓ చిన్న ఊరట లేకపోలేదు. ఎన్ని సిగరెట్లు కాలుస్తామన్న దాన్ని కొంతమేర నడిపించే జన్యు తేడాలు 15వ క్రోమోజోమ్ మీద ఉన్నాయని 2008లో తేలింది. కాకపోతే అవి ప్రధానంగా సిగరెట్ ద్వారానే హాని చేస్తాయి.

శాస్త్రవేత్తలు ఇలా వాదించుకుంటుండగానే ఇంకో కథ నడిచింది. ఎలుకల వీపు మీద సిగరెట్ తారు, అంటే పొగలోంచి తీసిన జిగట మడ్డి, పూస్తే కణుతులు లేచాయని 1953లో వార్త వచ్చింది. ఆ డిసెంబరులో కంపెనీల అధిపతులు న్యూయార్క్ ప్లాజా హోటల్లో కూర్చున్నారు. 1954 జనవరి 4న అమెరికాలో 400కు పైగా పత్రికల్లో 'పొగతాగేవారికి దాపరికం లేని ప్రకటన' అంటూ పూర్తి పేజీ వేశారు. కేన్సర్‌కు కారణమేమిటో శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు, మేమే డబ్బిచ్చి పరిశోధన చేయిస్తామన్నది దాని సారం. లేదని బుకాయించడం కన్నా ఇంకా తేలలేదనడం తెలివైన ఎత్తు. 1969 నాటి ఓ కంపెనీ అంతర్గత పత్రంలో మా సరుకు సందేహమేనని రాసుకున్నారు కూడా. 1964లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధాన అధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక వచ్చాక కూడా ఈ పాట ఆగలేదు. 1994లో ఏడు కంపెనీల అధిపతులు అమెరికా కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కాదని నమ్ముతున్నామన్నారు. 'పెంచి చెబుతున్నారు' అనే వాదనలో ఇప్పటికీ వినిపించే మాటల్లో సగం ఈ కార్ఖానాలో తయారైనవే.

తారు తక్కువంటూ అమ్మిన లైట్ సిగరెట్ల తంతు కూడా ఇక్కడే చూడాలి. తారు ఎంతో కొలిచే యంత్రం నిమిషానికో దమ్ము, ఒక్కోటి రెండు సెకన్లు, 35 మిల్లీలీటర్ల చొప్పున లాగేది. కంపెనీలు ఫిల్టర్ చుట్టూ కంటికి సరిగా ఆనని సన్నటి రంధ్రాలు పెట్టాయి. యంత్రం లాగినప్పుడు వాటిలోంచి గాలి చొరబడి పొగ పల్చబడేది, పెట్టె మీద అంకె తగ్గేది. మనిషి చేతిలో ఆ రంధ్రాలు వేళ్ల కింద, పెదాల కింద మూసుకుపోతాయి. పైగా శరీరం అడిగే నికోటిన్ అందకపోతే ఇంకా గట్టిగా, ఇంకా తరచుగా లాగుతాడు. తారు సగమన్న పెట్టె కొన్నవాడికి ముప్పు సగం కాలేదు.

ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు అంచనా తగ్గిందా, పెరిగిందా అని చూస్తే, పెరిగింది. దానికి కారణం ఉంది. సిగరెట్ హాని బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. తొలి అధ్యయనాల్లోని పెద్దవాళ్లు కుర్రతనం నుంచీ సిగరెట్లు తాగినవాళ్లు కారు. డాక్టర్ల అధ్యయనంలోనే 1900-1909 మధ్య పుట్టినవాళ్లలో 35-69 ఏళ్ల మధ్య పోయినవాళ్లు కాల్చేవాళ్లలో 42 శాతం, కాల్చనివాళ్లలో 24 శాతం. 1920ల్లో పుట్టినవాళ్లకు వచ్చేసరికి అవి 43, 15. వైద్యం మెరుగుపడి కాల్చనివాళ్ల మరణాలు తగ్గాయి, కాల్చేవాళ్లకు ఆ లాభం దక్కనేలేదు. పొగ ప్రాణం తీసేది సగం మందికి అని 1994లో అన్నారు. 2015లో ఆస్ట్రేలియా లెక్క మూడింట రెండు వంతులంది.

మరి నిజంగా పెంచి చెప్పింది ఎక్కడ? మొదటిది ఊపిరితిత్తుల కేన్సర్ దగ్గరే. నూరుమంది కాల్చేవాళ్లలో ఎందరికి ఆ కేన్సర్ వస్తుందని 1985లో అమెరికాలో అడిగితే జనం సగటున 43 అన్నారు. బ్రిటన్ మగవాళ్ల లెక్కలో, జీవితాంతం మానకపోతే 75 ఏళ్లలోపు ఆ కేన్సర్‌తో పోయేది నూటికి 16 మంది, కాల్చనివాళ్లలో ఒకరి కన్నా తక్కువ. అంటే ఎక్కువమందికి ఆ జబ్బు రాదు. అంతమాత్రాన బయటపడ్డట్టు కాదు, ప్రాణం గుండెపోటుతోనో పక్షవాతంతోనో ఊపిరితిత్తులు పాడైపోయే సీఓపీడీతోనో పోతుంది. ఒక్క జబ్బు బొమ్మ చూపించే ప్రచారం ఆ జబ్బును పెద్దది చేసి, మిగతావాటిని మరుగున పడేసింది.

'ఒక్కో సిగరెట్ 11 నిమిషాల ఆయుష్షు తీస్తుంది' అన్నది ఇంకోటి. 2000లో కట్టిన లెక్క ఇది. 17 ఏళ్ల నుంచి 71 దాకా ఏడాదికి 5,772 చొప్పున 3,11,688 సిగరెట్లు. పోయే ఆయుష్షు ఆరున్నరేళ్లు, నిమిషాల్లో సుమారు 34 లక్షలు. భాగిస్తే 11. నష్టం అన్ని సిగరెట్లకూ సమానంగా పంచేయడమే ఇక్కడి పొరపాటు. డాక్టర్ల అధ్యయనం లెక్కలో మానకుండా కాల్చేవాళ్లకు పోయేది సగటున పదేళ్లు. 30 ఏళ్లకే మానేసినవాళ్లకు ఆ పదేళ్లూ దాదాపు దక్కుతున్నాయి. 40కి మానితే తొమ్మిదేళ్లు, 50కి ఆరు, 60కి మూడు దక్కుతాయి. భారమంతా ఆ తర్వాతి సిగరెట్ల మీదే పడుతుందన్నమాట. తమాషా ఏమిటంటే, సగటుగా చూసినా ఆ 11 ఎక్కువ చెప్పిన అంకె కాదు. 2024 చివర్లో వచ్చిన కొత్త లెక్క దాన్ని 20 నిమిషాలు చేసింది.

గట్టిగా తప్పు పట్టాల్సిన చోటు పక్కవాళ్ల పొగ. దాని ముప్పు నిజమే. కాల్చేవాళ్లతో కలిసి బతికేవాళ్లకు గుండె జబ్బు ముప్పు పాతిక నుంచి ముప్పై శాతం ఎక్కువ. అయితే అమెరికాలో హెలెనా అనే చిన్న ఊళ్లో బహిరంగ ధూమపాన నిషేధం పెట్టిన ఆర్నెల్లలో గుండెపోట్లు 40 శాతం తగ్గాయన్న లెక్కను ఊరూరా చాటారు. ఆసుపత్రిలో చేరిన కేసులు పట్టుమని వంద కూడా లేని చోట అంకె అటూ ఇటూ ఊగడం మామూలే. ఇంగ్లండ్ మొత్తం మీద 2007 నిషేధం తర్వాత తేలిన తగ్గుదల 2.4 శాతం. అరగంట పక్కవాళ్ల పొగ పీలిస్తే కాల్చేవాడితో సమానమైన గుండెపోటు ముప్పు వస్తుందని కొన్ని సంస్థలు రాసుకొచ్చాయి. రక్తనాళాల్లో కాసేపు కనిపించే మార్పును జబ్బుతో సమానం చేసేశాయి.

పాతిక శాతం కూడా ఎక్కువ చెప్పిందేనని కొందరి అనుమానం, అంత కొద్ది పొగకు అంత ముప్పేమిటని. ముప్పు పొగ మోతాదును బట్టే ఉంటుందన్న ఆ తర్కం ఊపిరితిత్తుల కేన్సర్‌కు సరిపోతుంది, అక్కడ ముప్పు సిగరెట్ల సంఖ్యతో పాటు ఇంచుమించు సమానంగా పెరుగుతుంది. గుండె తీరు వేరు. రక్తం గడ్డకట్టే గుణం, నాళాల లోపొర కొద్దిపాటి పొగకే మారిపోతాయి, ఆపైన ఎంత పీల్చినా మార్పు నెమ్మదిస్తుంది. 2018లో 141 అధ్యయనాలను కలిపి చూస్తే, రోజుకు ఇరవై కాల్చేవాళ్లకు వచ్చే అదనపు గుండె జబ్బు ముప్పులో దాదాపు సగం రోజుకు ఒక్కటి కాల్చేవాళ్లకే ఉంది. ఇరవై నుంచి ఒకటికి తగ్గించుకున్నవాడు కేన్సర్ ముప్పును బాగానే దించుకున్నాడు. గుండె లెక్కలో సగం దూరమే వచ్చాడు.